చేతులు నిజంగా కడిగారా? ఊరి ఆరోగ్య కార్యక్రమం ఫలితాన్ని తేల్చే పద్ధతి, మెట్టు మెట్టుగా

ఆరోగ్య ప్రచార కార్యక్రమాల నివేదికలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఎన్ని ఊళ్ళలో మీటింగులు పెట్టారు, ఎన్ని కరపత్రాలు పంచారు, ఎంతమంది ఆశా కార్యకర్తలకు ట్రైనింగ్ ఇచ్చారు, చివర్లో బ్యానర్ పట్టుకుని దిగిన ఫొటో. ఇంత చేశాక జనం ఏ అలవాటు మార్చుకున్నారన్నది మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనబడదు. రాసినవాళ్ళు బద్ధకస్థులని కాదు. కార్యక్రమం అయిపోయాక మూల్యాంకనం మొదలుపెడితే రాయడానికి మిగిలేవి ఆ లెక్కలే.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళకు, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) విద్యార్థులకు, పీహెచ్‌సీ పరిధిలో ఏదో ఒక ప్రచారం నడపాల్సి వచ్చినవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మొదటినుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం: సబ్బుతో చేతులు కడుక్కోవడం. చిన్న విషయంగా కనబడుతుంది కానీ కొలవడానికి ఇంత మొండి అలవాటు ఇంకొకటి లేదు. పైగా మన దగ్గరే, చిత్తూరు జిల్లా పల్లెల్లో దీనిమీద చక్కటి పరిశోధన జరిగింది. ‘సూపర్ అమ్మ’ అని పేరు పెట్టిన ప్రచారాన్ని 14 ఊళ్ళలో పరీక్షించి, ఫలితాలను 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రచురించారు. దారి పొడుగునా దాని దగ్గరికి వెళ్ళివస్తూ ఉందాం.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

“మా కార్యక్రమం ప్రభావం తెలుసుకోవడం” అన్నది ప్రశ్న కాదు. ఇలా రాయండి: “ప్రచారం జరిగిన ఊళ్ళలో, అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో, ముఖ్యమైన సందర్భాల్లో సబ్బుతో చేతులు కడుక్కోవడం, ప్రచారం జరగని ఊళ్ళతో పోలిస్తే, ఆరు నెలలకు ఎంత పెరిగింది?” ఎవరు, ఏ పని, ఎప్పుడు, దేనితో పోల్చి అన్న నాలుగూ అందులో ఉండాలి. ముఖ్యమైన సందర్భాలంటే ఏవో కూడా ఇప్పుడే తేల్చుకోండి. దొడ్డికి వెళ్ళొచ్చాక, చంటిబిడ్డకు కడిగాక, వంటకు కూర్చునే ముందు, అన్నం తినే ముందు: చిత్తూరులో పట్టుకున్నవి ఈ నాలుగే. ఇప్పుడు తేల్చకపోతే, చివర్లో అంకెలు వచ్చాక మీకు అనుకూలంగా ఉన్న సందర్భాన్నే ముఖ్యమైనదిగా ఎంచుకోవాలని మనసు లాగుతుంది. అందరికీ లాగుతుంది, నాకూ లాగింది.

రెండో మెట్టు: గొలుసు గీయండి

మీరు పెట్టే ఖర్చుకీ, చివర్లో తగ్గాలనుకునే జబ్బుకీ మధ్య ఏమేం జరగాలో ఒక కాగితం మీద వరసగా గీయండి. డబ్బు, మనుషులు, వాళ్ళు చేసే పని, ఆ పని చేరిన ఇళ్ళు, ఆ ఇళ్ళలో మారిన అలవాటు, ఆ అలవాటు వల్ల తగ్గిన విరేచనాలు. ప్రతి రెండు లంకెల మధ్యా “ఇది జరిగితే అది ఎందుకు జరుగుతుంది?” అని అడగండి. జవాబు రాయలేకపోతే గొలుసు అక్కడే తెగుతుంది.

తెగిన గొలుసుకు మన పక్కనే ఉదాహరణ ఉంది. ఒడిశాలో 100 ఊళ్ళలో మరుగుదొడ్ల కార్యక్రమాన్ని పరీక్షించారు. ఆ ఫలితాలు కూడా 2014లోనే వచ్చాయి. కార్యక్రమం జరిగిన ఊళ్ళలో మరుగుదొడ్లున్న ఇళ్ళు సగటున 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. మిగతా ఊళ్ళలో 8 నుంచి 12కే పెరిగాయి. కట్టడాల లెక్కలో చూస్తే ఘనవిజయం. అయిదేళ్ళలోపు పిల్లల్లో విరేచనాలు మాత్రం కార్యక్రమం జరిగిన ఊళ్ళలో 8.8 శాతం, మిగతా ఊళ్ళలో 9.1 శాతం. అంటే తేడా లేనట్టే. కట్టడం ఒక లంకె, అందరూ వాడటం ఇంకో లంకె, వాడకం వల్ల క్రిములు నోటిదాకా రాకుండా ఆగడం మరో లంకె. మొదటి లంకెను కొలిచి చివరిదాన్ని ఊహించుకుంటే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతాయి.

చిన్న బడ్జెట్ ఉన్నవాళ్ళకు నా సలహా ఏమిటంటే, జబ్బు తగ్గిందని నిరూపించే బరువు నెత్తికెత్తుకోవద్దు. దానికి వేల ఇళ్ళు కావాలి. అలవాటు మారిందా లేదా అన్న లంకె దగ్గర ఆగండి, దాన్ని గట్టిగా కొలవండి. చిత్తూరులోనూ అసలు కొలమానం చేతులు కడుక్కోవడమే.

మూడో మెట్టు: పోల్చడానికి ఊళ్ళు వెతకండి

ఆగస్టులో సర్వే చేసి, ప్రచారం నడిపి, డిసెంబరులో మళ్ళీ సర్వే చేసి “విరేచనాలు తగ్గాయి” అని రాస్తారు. వానాకాలం ముసిరినప్పుడు పెరిగిన కేసులు చలికాలానికి వాటంతటవే దిగొచ్చి ఉండొచ్చు. మధ్యలో పంచాయతీవాళ్ళు పైపులైను మార్చి ఉండొచ్చు. ఇంకో మాయ కూడా ఉంది. పోయినేడు కేసులు అతిగా వచ్చిన ఊళ్ళనే ఏరికోరి ఎంచుకుంటాం కదా, ఆ ఊళ్ళకు అది మరీ చెడ్డ సంవత్సరం కావడంవల్లే మన కంట పడ్డాయి. మరుసటేడు మీరు కాలు పెట్టకపోయినా వాటి అంకెలు మామూలు స్థాయికి దిగుతాయి. పోలిక ఊళ్ళు లేకపోతే ఈ తగ్గుదలంతా మీ ఖాతాలో పడిపోతుంది.

అన్నిటికన్నా మంచిది లాటరీ. ఒకదాన్నొకటి పోలిన ఊళ్ళ జాబితా రాసి, చీటీలు వేసి, సగం ఊళ్ళను ప్రచారానికి, సగాన్ని పోలికకు పెట్టండి. చీటీలు సర్పంచుల ముందే తీయండి. “మా ఊరినెందుకు వదిలేశారు” అన్న తగువు అక్కడే తీరిపోతుంది. ఇళ్ళవారీగా కాకుండా ఊరినే ఒక ముక్కగా తీసుకోవాలి, ఎందుకంటే వీధి నాటకం ఒక ఇంటికి మాత్రమే వినబడేలా ఆడలేం. ప్రచారం ఊరికీ పోలిక ఊరికీ మధ్య కాస్త దూరం ఉండాలి. ఒకే సంత, ఒకే హైస్కూలు ఉన్న ఊళ్ళయితే కబురు గట్టు దాటేస్తుంది.

లాటరీ కుదరకపోతే? కార్యక్రమం దశలవారీగా విస్తరిస్తున్నప్పుడు ఇంకా చేరని ఊళ్ళనే పోలికకు వాడుకోవచ్చు. హైదరాబాదు దగ్గరి పల్లెల్లో 1987-90 మధ్య జరిగిన పోషకాహార పరిశీలన ఇలాంటిదే. అప్పటికి ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) కొన్ని మండలాలకు వచ్చింది, కొన్నిటికి రాలేదు. 15 ఊళ్ళలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందింది, 14 ఊళ్ళలో అందలేదు. ఆ పిల్లలే 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక 1,165 మందిని మళ్ళీ వెతికి పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్ల పొడుగున్నారు. ఊళ్ళను చీటీలతో విడదీయలేదు కాబట్టి రెండు ప్రాంతాల మధ్య ముందునుంచే ఉన్న తేడాల గురించి జాగ్రత్తగా మాట్లాడాల్సి వస్తుంది. అయినా పోలికే లేని పరిశీలనకన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

నాలుగో మెట్టు: ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఊళ్ళు

ఇక్కడ చాలామంది “ఒక వంద చాలదా?” అంటారు. లెక్క వేసి చూద్దాం, భయపడాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు 5 శాతం సందర్భాల్లో సబ్బు వాడుతున్నారనీ, ప్రచారం తర్వాత 20 శాతం అవుతుందనీ అనుకుందాం. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో సందర్భం తీసుకున్నట్టు లెక్కిద్దాం. 0.05ను 0.95తో, 0.20ను 0.80తో హెచ్చించి కలిపితే 0.2075. దాన్ని 7.84తో హెచ్చించండి. మామూలుగా అందరూ ఒప్పుకునే 5 శాతం పొరపాటు (లేని తేడాను ఉందనుకునే అవకాశం), 80 శాతం పట్టు (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) అన్న హద్దులకు వచ్చే అంకె అది. తేడా 0.15 కదా, దాని వర్గం 0.0225తో భాగిస్తే 72.3. అంటే ఒక్కో వైపు 73 ఇళ్ళు.

అయితే ఒకే ఊరి ఇళ్ళు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఒకే బోరు, ఒకే కిరాణా కొట్టు, ఒకే అంగన్‌వాడీ. ఒకే ఊళ్ళో 73 ఇళ్ళు చూస్తే 73 కొత్త సంగతులు తెలియవు. ఊరికి 20 ఇళ్ళు తీసుకుంటే, ఆ పోలిక 0.05 స్థాయిలో (0 అంటే పోలికే లేదు, 1 అంటే అన్నీ అచ్చంగా ఒకటే) ఉందనుకుంటే, 19ని 0.05తో హెచ్చించి 1 కలపాలి. అది 1.95. 73 ఇళ్ళు కాస్తా 143 అవుతాయి. తలుపు తీయనివాళ్ళు, పనికి వలస వెళ్ళినవాళ్ళు పదోవంతు ఉంటారనుకుంటే 160 దగ్గర తేలుతుంది. ఊరికి 20 చొప్పున ఒక్కో వైపు 8 ఊళ్ళు. డబ్బు చాలకపోతే ఊళ్ళు తగ్గించి ఇళ్ళు పెంచుదామనిపిస్తుంది. అలా చేయకండి. ఇళ్ళు తగ్గించినా ఫరవాలేదు, ఊళ్ళు తగ్గించొద్దు. ఒక ఊరితో ఒక ఊరిని పోలిస్తే తేలేది ఆ రెండూ వేరు వేరు ఊళ్ళని మాత్రమే.

అయిదో మెట్టు: కొలత. ఇక్కడే ఎక్కువ కాలం ఆగండి

మొదట్లో నేను పనిచేసిన ఒక సర్వేలో “సబ్బుతో చేతులు కడుక్కుంటారా?” అని అడిగాం. దాదాపు అందరూ “కడుక్కుంటాం సార్” అన్నారు. మేమూ సంతోషంగా నింపుకొచ్చాం. మధ్యాహ్నం అదే వీధిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని భోంచేస్తుంటే చుట్టూ సబ్బు ముట్టినవాళ్ళు కనబడలేదు, మాతో కలిపి. మంచివాళ్ళ ముందు మంచిమాట చెప్పడం మర్యాద. అది అబద్ధమని వాళ్ళు అనుకోరు. అడిగి తెలుసుకునే లెక్క మర్యాదను కొలుస్తుంది, అలవాటును కాదు.

అందుకని చిత్తూరులో ఇళ్ళలో కూర్చుని చూశారు. ఊరికి 20-25 ఇళ్ళలో, ఒక పరిశీలకురాలు మౌనంగా కూర్చుని, ముఖ్య సందర్భం వచ్చినప్పుడల్లా చేతులు కడిగారా, సబ్బు వాడారా అని గుర్తు పెట్టింది. మొదట్లో, ప్రచారానికి ముందు, సబ్బు వాడిన సందర్భాలు ప్రచారం ఊళ్ళలో 1 శాతం, పోలిక ఊళ్ళలో 2 శాతం. అడిగి ఉంటే ఏ అంకె వచ్చేదో ఊహించుకోండి.

ఈ పని మీరు చేయాలంటే కొన్ని జాగ్రత్తలు పడాలి. పరిశీలకులు ఆడవాళ్ళై ఉండాలి, ఆ ఊరివాళ్ళు కాకూడదు. తెల్లవారక ముందే ఇంటికి చేరాలి. పిల్లలు లేచి, పెద్దవాళ్ళు బయటికి వెళ్ళొచ్చి, పొయ్యి వెలిగేదాకా ఉండే మూడు గంటల్లోనే సందర్భాలన్నీ జరుగుతాయి. తొమ్మిదింటికి టిఫిన్ చేసి బయల్దేరిన టీముకు వాకిట్లో ముసలమ్మ తప్ప ఎవరూ దొరకరు. “మీ ఇంటి పొద్దుటి పనులు చూడ్డానికి వచ్చామమ్మా” అని చెప్పాలి. “చేతులు కడగడం చూడ్డానికి” అంటే ఆ రోజు సబ్బు అరిగిపోతుంది. ఎంత దాచినా ఎవరో చూస్తున్నారన్న ఎరుక కొంత ఉంటుంది. అది రెండు వైపుల ఊళ్ళలోనూ ఒకేలా ఉంటే పోలిక చెడదు. అందుకే ఏ ఊరు ప్రచారం ఊరో పరిశీలకులకు చెప్పకండి. గోడమీద బొమ్మలు చూసి వాళ్ళు కనిపెట్టేస్తే ఏమీ చేయలేం, ఆ సంగతి నివేదికలో రాయండి.

ఊళ్ళోకి పంపేముందు ఇద్దరేసి పరిశీలకులను ఒకే ఇంట్లో కూర్చోబెట్టి విడివిడిగా రాయించండి. ఇద్దరి కాగితాలు ఎంతవరకు కలిశాయో కప్పా అనే లెక్కతో చూస్తారు. యాదృచ్ఛికంగా కలిసిన వాటిని అది తీసేస్తుంది. 0.8 దాటితే బాగుంది. 0.6 లోపు ఉంటే ట్రైనింగ్ మళ్ళీ మొదలుపెట్టండి. వేళ్ళు తడిపితే ‘కడిగినట్టా’? ఒక్క చేయి కడిగితే? బట్టలుతికిన సబ్బు నురగతో చేతులు రుద్దుకుంటే? ఇలాంటి తగువులన్నీ ట్రైనింగులోనే తీరాలి.

ఇంట్లో కూర్చునేంత డబ్బు లేకపోతే, “చేతులు ఎక్కడ కడుక్కుంటారు, చూపిస్తారా అక్కా?” అని అడిగి, అక్కడ నీళ్ళూ సబ్బూ ఉన్నాయా అని చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఇదే చేస్తారు. అలవాటుకు ఇది దూరపు బంధువే అయినా నోటి మాటకన్నా నమ్మకం. ప్రశ్నపత్రం వాడాల్సివస్తే భాష దగ్గర తొందరపడకండి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఒకరు, ఆ తెలుగును చూసి మళ్ళీ ఇంగ్లీషులోకి ఇంకొకరు మార్చాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. “మలవిసర్జన అనంతరం” అని చదివితే పలమనేరు పక్క పల్లెలో ఎవరికీ ఎక్కదు. ఆ ఊళ్ళో ఏ మాట అంటారో పది ఇళ్ళలో చదివి చూసి ఆ మాటే రాయండి.

ఆరో మెట్టు: అనుమతి

ప్రచారానికి కాకపోయినా పరిశోధనకు సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదువుకోండి. పరిశీలన అసలు ఉద్దేశం ఇంటివాళ్ళకు పూర్తిగా చెప్పడం లేదని కమిటీకి దాచకుండా రాయండి, పని ముగిశాక ఇంటివాళ్ళకు ఎప్పుడు ఎలా చెబుతారో కూడా రాయండి. ఊళ్ళను లాటరీతో విడదీసిన పరీక్ష అయితే మొదటి ఇంట్లో అడుగుపెట్టకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించండి. సర్పంచి ఒప్పుకున్నంత మాత్రాన ఇంటావిడ ఒప్పుకున్నట్టు కాదు. సంతకం ఆమెదే కావాలి.

ఏడో మెట్టు: ప్రచారం నడుస్తుండగా రాసుకోవాల్సినవి

ఫలితం రాకపోతే రెండు కారణాలుంటాయి. ఆలోచనే తప్పు, లేదా ఆలోచన ఊళ్ళోకి చేరనే లేదు. ఏది నిజమో తేల్చడానికి జరిగినదాన్ని జరిగినట్టు రాసుకోవాలి. అనుకున్న అయిదు మీటింగుల్లో ఎన్ని జరిగాయి, స్క్రిప్టులో ఉన్నది ఎంతవరకు ఆడారు, ఎవరొచ్చారు. ‘ఎవరొచ్చారు’ అన్నదాన్ని సంఖ్యతో సరిపెట్టకండి. రచ్చబండ దగ్గర మీటింగు పెడితే ఒక రకం జనం వస్తారు, అంగన్‌వాడీ దగ్గర పెడితే ఇంకో రకం. ఎస్సీ కాలనీ నుంచి, తండా నుంచి ఎవరొచ్చారో విడిగా రాయండి. సగటు బాగుండి కాలనీలో మాత్రం ఏ మార్పూ లేని కార్యక్రమాలు కొల్లలు.

చిత్తూరు ప్రచారం నడిచిన తీరు ఈ లంకె దగ్గర ఆలోచించదగ్గది. క్రిములు, జబ్బులు అని పాఠం చెప్పలేదు. బిడ్డను చక్కగా పెంచుకోవాలన్న తల్లి మనసు, మురికంటే కలిగే రోత, నలుగురూ చేసేది మనమూ చేయాలన్న పట్టింపు, వీటినే ఆధారం చేసుకుని సినిమా బొమ్మలూ నాటికలూ అల్లారు. కాబట్టి అక్కడ “క్రిముల గురించి తెలుసా?” అని పరీక్ష పెడితే మార్పును పట్టుకోలేం. మీ కార్యక్రమం దేన్ని కదిలిస్తుందో దాన్నే కొలవాలి.

సంఖ్యలతోపాటు మాటలు కూడా కావాలి. పొదుపు సంఘం మహిళలతో ఒక గుంపు చర్చ, అత్తలతో ఇంకొకటి విడిగా పెట్టండి. ఒకే గుంపులో కూర్చోబెడితే కోడళ్ళు నోరు విప్పరు. సబ్బు ఎక్కడ పెడతారు, కాకి ఎత్తుకుపోతుందా, నీళ్ళ ట్యాంకరు రాని రోజున ఏం చేస్తారు? “ఎందుకు” అని అడిగితే పాఠం అప్పజెబుతారు, “నిన్న పొద్దున ఏం జరిగింది” అని అడిగితే కథ చెబుతారు.

ఎనిమిదో మెట్టు: లెక్క తేల్చడం

సర్వే యాప్ అయిన కోబో టూల్‌బాక్స్‌తో ఫోన్లలో నింపుకుంటే కాగితాల మోత తప్పుతుంది, అది ఉచితం. విశ్లేషణకు ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ చాలు, అదీ ఉచితమే. చాలామంది చేసే పొరపాటు ఒక్కటే: ఊళ్ళను విడదీసి, లెక్క మాత్రం ఇళ్ళమీద వేయడం. లేని ఖచ్చితత్వం వచ్చిపడుతుంది. తేలిక దారి ఏమిటంటే, ఒక్కో ఊరికి ఒక్క శాతం తేల్చండి. ఎనిమిది అంకెలు ఇటు, ఎనిమిది అటు. వాటినే పోల్చండి. ప్రచారం సరిగా జరగని ఊరిని “అక్కడ మా టీము వెళ్ళలేకపోయింది” అని తీసేయకండి. చీటీలో ఏ వైపు పడిందో ఆ వైపే లెక్కించాలి.

చిత్తూరు అంకెలు ఇలా ఉన్నాయి. ఆరు వారాలకు ప్రచారం ఊళ్ళలో 19 శాతం, పోలిక ఊళ్ళలో 4. ఆరు నెలలకు 37, 6. సగటు పక్కన రాసిన ఇంకో అంకెను చాలామంది దాటేసి పోతారు: ఆరు వారాల దగ్గర ప్రచారం ఊళ్ళ మధ్య విచలనం 21, ఆరు నెలలకు 7. అంటే మొదట్లో కొన్ని ఊళ్ళు బాగా కదిలాయి, కొన్ని దాదాపు కదల్లేదు. తర్వాత అన్నీ దగ్గరపడ్డాయి. పోలిక ఊళ్ళు కూడా 2 నుంచి 6కు వెళ్ళాయి చూడండి. పోలికే లేకపోతే ఆ నాలుగు కూడా ప్రచారం పద్దులో రాసేవాళ్ళం. పెరుగుదల నుంచి పెరుగుదల తీసేస్తే, ప్రచారం ఊళ్ళ 36 (1 నుంచి 37కు) లోంచి 4 పోగా 32. ఆరు వారాలకే మూటాముల్లె సర్దుకుని వచ్చేసి ఉంటే 37 అన్న అంకె ఎవరికీ తెలిసేది కాదు.

తొమ్మిదో మెట్టు: నివేదిక, బాకీ

నివేదికకు ఒక చట్రం కావాలంటే 1999లో రస్సెల్ గ్లాస్గో, ఆయన సహచరులు రూపొందించిన రీ-ఎయిమ్ బాగా పనికొస్తుంది. ఎంతమందికి చేరింది, ఎంత పనిచేసింది, ఎన్ని సంస్థలు దాన్ని అందుకున్నాయి, అనుకున్నట్టు నడిచిందా, ఆ తర్వాత నిలిచిందా. నా లెక్కలో మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది అయిదోదే, ఎందుకంటే అప్పటికి ప్రాజెక్టు డబ్బులు అయిపోతాయి. ఏడాది తర్వాత ఒక్క చుట్టు సర్వేకు డబ్బు మొదటిరోజే పక్కన పెట్టండి. ఇంటికి ఎంత ఖర్చయిందో కూడా రాయండి, అది లేకపోతే జిల్లా అధికారి తర్వాత పేజీ తిప్పరు. ఫలితం రాకపోయినా దాచకుండా రాయండి.

ఊరివాళ్ళకు మాత్రం పీడీఎఫ్ పంపొద్దు. సాయంత్రం పనులయ్యాక వెళ్ళి, చార్టు మీద వాళ్ళ ఊరి అంకె చూపించి, పరిశీలన ఎందుకు చేశామో అసలు సంగతి చెప్పండి. నవ్వుతారు, కొందరు దులిపేస్తారు కూడా. వినాలి.

పోలిక ఊళ్ళకు బాకీ ఉన్నాం కదా, అది తీర్చాలి. చిత్తూరులో ఆరు నెలల సర్వే అయ్యాక పోలిక ఊళ్ళకూ ప్రచారాన్ని తీసుకెళ్ళారు, కుదించిన రూపంలో. పన్నెండో నెలలో మళ్ళీ చూశారు. మొదటి ఊళ్ళలో సబ్బు వాడకం 37 నుంచి 29 శాతానికి దిగింది. బాకీ తీర్చుకున్న ఊళ్ళలో, ఆ చిన్న ప్రచారంతోనే, అదీ 29 శాతమే ఉంది.